రెండు ప్రయాణాల మధ్య ఇల్లు

ముక్కనుమ, శనివారం: ఫోర్ట్ డేవిస్ నుంచి అబిలీన్

కనుమ నాడు కాకి కూడా కదలదంటారు కదా, మేమూ కదల్లేదు. టెక్సస్ పడమటి కొసన డేవిస్ కొండల్లో ఉన్న స్టేట్ పార్కులోనే, మా ఆర్‌వీలో (వంటిల్లూ పడకా ఉన్న ప్రయాణపు బండి), పండగ మూడు రోజులూ గడిపాం. భోగిమంటకి మాత్రం కుదర్లేదు. ఎండుగడ్డి, పైగా గాలి, కౌంటీ అంతా మంటలు నిషేధం. మావారు ప్రొపేన్ పొయ్యి వెలిగించి, దాని మీద టీ గిన్నె పెట్టి, "ఇదే మన భోగిమంట, దణ్ణం పెట్టుకో" అన్నారు.

గారెలకి పిండి రుబ్బడం ఇంకో కథ. మా బండికి ముప్పై ఆంపుల కరెంటు కనెక్షను. 120 వోల్టుల మీద అది 3,600 వాట్లు. హీటరు 1,500 తీసుకుంటుంది, వేణ్ణీళ్ల ట్యాంకు 1,440, మిక్సీ 750. కలిపి చూడండి, ఎంత దాటిందో. అందుకని పిండి తిరుగుతున్నంతసేపూ హీటరు ఆపేసి ఆయన రగ్గు కప్పుకుని కూర్చున్నారు. ఇలా బతకడం అలవాటయ్యాక ఇంట్లో ఏ స్విచ్చు వేసినా మనసులో వాట్లు లెక్కపెట్టుకోవడం వచ్చేసింది.

పొద్దున్నే బయల్దేరి, పేకోస్ దగ్గర ఐ-20 హైవే ఎక్కాం. మోనహాన్స్ ఇసుక దిబ్బలు, ఒడెస్సా, మిడ్‌లాండ్ నూనె బావులు దాటాక స్వీట్‌వాటర్ చుట్టుపక్కల గాలిమరలు మొదలవుతాయి. ఎంత దూరం పోయినా అవే. ఇక్కడి రాస్కో గాలిమరల కేంద్రం 2009లో పూర్తయినప్పుడు 781.5 మెగావాట్లతో ప్రపంచంలోకెల్లా పెద్దది. అందరూ ఆగి ఫొటోలు తీసుకుంటారు. నాకు వాటిని చూస్తే మా కరెంటు బిల్లు గుర్తొస్తుంది. ఈ పడమటి గాలి కరెంటుని డాలస్, హ్యూస్టన్ వైపు మోసుకురావడానికి సుమారు 3,600 మైళ్ల లైన్లు వేసి 2014 నాటికి పూర్తిచేశారు. అయిన ఖర్చు దాదాపు 700 కోట్ల డాలర్లు. అది డెలివరీ ఛార్జీల రూపంలో మా అందరి బిల్లుల్లోంచే వసూలవుతోంది. మేం ఇంట్లో ఉన్నా సరే, ఊళ్లు తిరుగుతున్నా సరే.

రాత్రి మకాం అబిలీన్ స్టేట్ పార్కు. మిగిలిన గారెలు పెరుగులో వేసుకుని తిని పడుకున్నాం.

ఆదివారం: ప్లేనో, ఇల్లు

మధ్యాహ్నానికి డాలస్ పక్కనున్న ప్లేనోలో మా ఇల్లు చేరాం. బండిని ఇంటి ముందు రెండు రోజులకి మించి నిలపడానికి మా కాలనీ అసోసియేషన్ ఒప్పుకోదు. అంటే ఇంటికొచ్చిన నిమిషం నుంచే గడియారం మొదలు. బట్టలు, ఫ్రిజ్‌లో మిగిలినవి, కుక్కరు, పోపుల డబ్బా ముందు లోపలికి. మురుగు ట్యాంకులు పార్కులోనే ఖాళీ చేసుకొచ్చాం, ఆ పని ఇంటి దాకా తేకూడదు.

లోపలికి వెళ్లగానే నేను చూసేది ఫ్రీజరులోని గ్లాసు. వెళ్లేముందు గ్లాసులో నీళ్లు గడ్డకట్టించి పైన ఓ క్వార్టర్ నాణెం పెడతాను. తిరిగొచ్చేసరికి నాణెం పైనే ఉంటే కరెంటు ఎక్కువసేపు పోలేదన్నమాట. అడుక్కి దిగిందంటే గోంగూర ముద్దలూ, కొబ్బరి కోరూ అన్నీ కరిగి మళ్లీ గడ్డకట్టినట్టే, మారు మాట్లాడకుండా పారెయ్యాలి. ఈసారి నాణెం పైనే ఉంది.

తర్వాత వీధి దగ్గర నీళ్ల వాల్వు తిప్పి, కుళాయిలు ఒక్కొక్కటే విప్పుకుంటూ వచ్చాను. శీతాకాలంలో వాల్వు కట్టకుండా, కుళాయిల్లో నీళ్లు వదిలించకుండా మేం గడప దాటం. 2021 ఫిబ్రవరి మంచు తుపానులో టెక్సస్‌లో నలభై అయిదు లక్షల ఇళ్లకి పైగా కరెంటు పోయింది. గోడల్లో పైపులు పగిలి, సీలింగులు ఊడిపడి ఎంతమంది ఇళ్లు తడిసిపోయాయో ఇక్కడి వాళ్లకి చెప్పక్కర్లేదు. ఆ వారం మేం ఇంట్లోనే ఉన్నాం కాబట్టి కుళాయిలు సన్నగా వదిలి కాపాడుకున్నాం. ఖాళీ ఇంటికి ఆ కాపలా ఎవరు కాస్తారు?

పక్కింటి తమిళావిడ కరివేపాకు కుండీ తెచ్చిచ్చింది. మేం లేనప్పుడు అది వాళ్ల గ్యారేజీలో ఉంటుంది, కోసుకోవడానికి ఆవిడకి పూర్తి హక్కు. ఆకు కాస్త తగ్గినట్టే కనిపించింది. నేనేం అనలేదు.

సోమవారం: కరెంటు

జనవరి మూడో సోమవారం మార్టిన్ లూథర్ కింగ్ సెలవు, పోస్టు రాదు. కాగితాలు లేని బిల్లులు చూసుకోవడానికి మంచి రోజు. వాషింగ్ మెషీను ఒక పక్క తిరుగుతుంటే నా జమాఖర్చుల పుస్తకం తీశాను. ఆటోపేలు ఉన్నా సరే, చేత్తో రాస్తేగానీ నాకు నమ్మకం కుదరదు. క్రెడిట్ కార్డు గడువు తీరి కొత్తది వస్తే, ఏ ఆటోపే ఏ కార్డు మీద ఉందో చెప్పేది ఆ పుస్తకమే.

మా కరెంటు ఒప్పందం ఫిబ్రవరి మొదట్లో అయిపోతుంది. ఇక్కడ తీగలు ఒకరివి, కరెంటు అమ్మేవాళ్లు పదులమంది. ప్రభుత్వ వెబ్‌సైటు పవర్ టు చూజ్‌లో జిప్‌కోడ్ కొడితే ప్లాన్లు వరస కడతాయి. ఒప్పందం తీరడానికి పద్నాలుగు రోజుల ముందు నుంచి, మధ్యలో మానేసినందుకు వేసే జరిమానా లేకుండా మారిపోవచ్చు. పట్టించుకోకుండా వదిలేస్తే నెలనెలా మారే రేటులోకి తోసేస్తారు, అది సాధారణంగా ఎక్కువే. ప్రయాణంలో ఉన్నవాళ్లు దొరికిపోయేది ఇక్కడే, గడువు తేదీ ఏ కొండ మీద ఉండగానో దాటిపోతుంది.

అన్నిటికన్నా పైన కనిపించే చవక ప్లాన్లలో చాలావాటికి ఓ మెలిక ఉంటుంది. నెలకి వెయ్యి యూనిట్లు వాడితే ఇంత క్రెడిట్ అని. ఉదాహరణకి అన్నీ కలిపి యూనిట్ ఇరవై సెంట్లు, వెయ్యి దాటితే వంద డాలర్ల క్రెడిట్ అనుకోండి. వెయ్యి యూనిట్లకి రెండు వందలు, క్రెడిట్ పోను వంద. ప్రకటనలో "యూనిట్ పది సెంట్లే" అని వేస్తారు, అబద్ధం కాదు. కానీ ఇల్లు సగం నెల ఖాళీగా ఉండి ఆరు వందల యూనిట్లే కాలితే? నూట ఇరవై డాలర్లు. తక్కువ వాడినందుకు ఎక్కువ కట్టాలి! సరిగ్గా మాలాంటి వాళ్ల నెత్తిన పడే ప్లాను ఇది.

ప్రతి ప్లానుకీ ఫ్యాక్ట్స్ లేబుల్ అని ఒక పేజీ ఉంటుంది. 500, 1,000, 2,000 యూనిట్ల దగ్గర సగటు రేటు ఎంతో అందులో చూపించి తీరాలి. ఇంట్లో ఉండేవాళ్లు నడిమి గడి చూస్తారు, నేను మొదటి గడి చూస్తాను. స్మార్ట్ మీటర్ టెక్సస్ సైటులో మన ఇంటి వాడకం పావుగంట పావుగంటకీ కనిపిస్తుంది. కిందటేడాది లెక్కలు దింపుకుని చూస్తే, మేమున్న వేసవి నెలల్లో పదమూడు వందలు, లేని నెలల్లో నాలుగు వందల దరిదాపు. ఇంట్లో నరమానవుడు లేకుండా ఆ నాలుగు వందలు ఎవరు తిన్నారంటారా? రెండు ఫ్రిజ్‌లు, రౌటరు, చలికాలంలో ఇల్లు 55 డిగ్రీల ఫారన్‌హీట్ కన్నా చల్లబడకుండా హీటింగు ఫ్యాను, పైపెచ్చు ఎవరూ చూడని గడియారాలు. గ్యారేజీలో ఉన్న రెండో ఫ్రిజ్ సంగతి ఈసారి తేల్చాలన్నాను. "మామిడికాయ ముక్కలు ఎక్కడ పెడతావ్?" అన్నారు మావారు. అది అలాగే ఉండిపోయింది.

అల్లుడు ఫోన్లో, "రాత్రుళ్లు ఫ్రీ ప్లాను తీసుకోండి అత్తయ్యా, మేం కారు రాత్రే ఛార్జ్ చేసుకుంటాం" అన్నాడు. వాళ్లది కరెంటు కారు. మాది గాలనుకి తొమ్మిది మైళ్లిచ్చే బండి. రాత్రి ఫ్రీ ఇచ్చి పగలు రేటు పెంచే ప్లాను, రాత్రి వాడకం బాగా ఉన్నవాళ్లకే గిట్టుతుంది. క్రెడిట్లూ, కనీస వాడకం జరిమానాలూ లేని సాదా ప్లాను ఒకటి ఏడాదికి ఖాయం చేశాను. ప్రకటన రేటు చూస్తే ఖరీదైనదే. మా పుస్తకంలో మాత్రం అదే చవక.

మంగళవారం: టపా

సెలవయ్యాక పోస్టాఫీసు ఆపి ఉంచిన టపా అంతా ఒక్కసారే వచ్చింది, రబ్బరు బ్యాండ్లతో కట్టలు కట్టలు. హోల్డ్ మెయిల్ ముప్పై రోజుల వరకే. అంతకుమించి వెళ్తే ఫార్వర్డింగు పెట్టాలి. మా ప్రయాణాలు నెల లోపు తెమలడానికి, నిజం చెప్పాలంటే, సగం కారణం ఇదే. పోస్టాఫీసువాళ్ల ఇన్ఫార్మ్‌డ్ డెలివరీలో కవర్ల ముఖాలు రోజూ ఫొటోలుగా ఈమెయిల్లో వస్తాయి కాబట్టి ఏవి వచ్చాయో ముందే తెలుసు. లోపల ఏముందో తెలియక డేవిస్ కొండల్లో కూడా ఒక కవరు నా నిద్ర చెడగొట్టింది. తీరా విప్పితే పళ్ల డాక్టరు వాళ్ల పుట్టినరోజు శుభాకాంక్షలు.

అసలు కాగితం కౌంటీ వాళ్ల ఇంటి పన్ను. జనవరి 31 లోపు కట్టాలి. ఇంటి అప్పున్నన్నాళ్లూ పన్నూ, బీమా బ్యాంకువాళ్లే ఎస్క్రోలోంచి, అంటే నెలనెలా మన దగ్గర తీసుకుని దాచే ఖాతాలోంచి, కట్టేసేవాళ్లు, మనకి తెలిసేదే కాదు. అప్పు తీరిన సంతోషం వెనకే ఆ రెండు తేదీలూ మన నెత్తి మీదికొచ్చాయి. టెక్సస్‌లో జీతం మీద రాష్ట్ర పన్ను లేదని మురిసిపోతాం గానీ, ఇంటి పన్ను మాత్రం బరువే. అరవై అయిదు నిండినవాళ్లకి కొంత ఊరట ఉంది. స్కూలు పన్ను అప్పటి మొత్తం దగ్గరే ఆగిపోతుంది, ఇల్లు పెద్దది చేసుకుంటే తప్ప ఆ గీత దాటదు. మొత్తం ఒక్కసారే కట్టలేకపోతే నాలుగు వాయిదాలు, జనవరి, మార్చి, మే, జులై నెలాఖర్లకి. కట్టడం పూర్తిగా ఆపుకునే హక్కు కూడా ఉంది, ఏడాదికి 5 శాతం వడ్డీతో. అది చివరికి పిల్లల మీదో, ఇంటి అమ్మకం మీదో పడుతుంది, మాకొద్దు.

వాయిదాలు తీసుకుందామన్నారు మావారు, డబ్బు మన దగ్గరుంటే వడ్డీ వస్తుందని. నేను ఒక్కసారే కట్టేశాను. మార్చి నెలాఖరుకి మేం ఏ లోయలో ఉంటామో, ఫోనుకి సిగ్నలు ఉంటుందో లేదో. ఆ కాస్త వడ్డీ కోసం ఒక తేదీని వెంటేసుకు తిరగలేను.

నీళ్ల బిల్లు మాత్రం నన్ను ఎప్పుడూ సంతోషపెడుతుంది. మా వైపు చాలా ఊళ్లలో మురుగునీటి ఛార్జీని చలికాలం నెలల నీళ్ల వాడకం సగటుని బట్టి ఏడాదికి లెక్కకడతారు. చలికాలంలో తోటకి నీళ్లు పెట్టరు కాబట్టి వాడిందంతా మురుగులోకే పోతుందని వాళ్ల లెక్క. మేం సరిగ్గా ఆ నెలల్లోనే ఊళ్లు తిరుగుతాం! కనీస ఛార్జీ, చెత్తబండి డబ్బులు ఎలాగూ తప్పవు.

బుధవారం, గురువారం

బుధవారం బండి పని. వాహనాల సేఫ్టీ తనిఖీ 2025 జనవరి నుంచి తీసేశారు గానీ మా కౌంటీలో పొగ పరీక్ష ఉంది. అది చేయించి, టైర్ల పక్కనున్న నాలుగంకెలు చూసుకున్నాం. మొదటి రెండూ టైరు తయారైన వారం, తర్వాతవి ఏడాది. ఆర్‌వీ టైరు అరిగిపోదు, ముసలిదవుతుంది. ఆరేడేళ్లు దాటితే గీతలు ఎంత బాగున్నా నమ్మకూడదు. ప్రొపేన్ ట్యాంకు బండికే బిగించి ఉంటుంది కాబట్టి బండినే బంకుకి తోలుకెళ్లి నింపించి, స్టోరేజీ షెడ్డులో పెట్టొచ్చాం. ఆ షెడ్డు అద్దె కూడా మా ఇంటి ఖర్చుల పేజీలోనే రాస్తాను. కదలని బండికి అద్దె కట్టడం మొదట్లో ప్రాణం మీదికొచ్చినట్టుండేది.

గురువారం హైదరాబాద్ ఫ్లాటు. మెయింటెనెన్సు, కరెంటు రెండూ ఇక్కణ్ణించే కట్టొచ్చు. జీహెచ్‌ఎంసీ పన్ను ఏప్రిల్లో ఏడాదికీ ముందే కట్టేస్తే 5 శాతం తగ్గిస్తారు. అన్నీ సులువే, ఓటీపీ ఒక్కటి తప్ప. అది ఇండియా నంబరుకి వస్తుంది, ఆ సిమ్ బతికుండాలంటే రీఛార్జి చెయ్యాలి, రీఛార్జికి మళ్లీ ఓటీపీ అడిగే రోజులున్నాయి. పాత ఫోనులో ఆ సిమ్ వేసి ప్రయాణంలో కూడా వెంట తిప్పుతాం. బండిలో దానికి ప్రత్యేకంగా ఓ సొరుగుంది.

మధ్యాహ్నం ఇంటి బీమా పాలసీ మళ్లీ చదివాను. చాలా పాలసీల్లో ఇల్లు 30 రోజులో, 60 రోజులో వరసగా ఖాళీగా ఉంటే కొన్ని నష్టాలకి పరిహారం ఇవ్వమని ఉంటుంది. సామాన్లుండి మనుషులు లేకపోవడం వేరు, సామాన్లు కూడా లేకపోవడం వేరు. ఏది ఎలా రాశారో చదువుకోవాల్సిందే. ఏజెంటు ఫోన్లో చెప్పినదాన్ని ఈమెయిల్లో కూడా రాయించుకున్నాను.

శుక్ర, శనివారాలు

సాయంత్రం ఫ్రిస్కో హనుమంతుడి గుడికి వెళ్లి, అమ్మాయి వాళ్లింట్లో భోంచేశాం. "ఇల్లమ్మేసి బండిలోనే ఉండిపోవచ్చుగా అమ్మా, ఇన్ని బిల్లులెందుకు?" అంది. తెల్లవాళ్లలో అలా చేసినవాళ్లు చాలామంది తెలుసు మాకు, హాయిగానే ఉన్నారు. నాకు మాత్రం ఆవకాయ జాడీలు పెట్టుకునే అరుగొకటి, మనవలొస్తే దిండ్లు పరిచే గది ఒకటి కావాలి. వాటికి నెలకింతని కడుతున్నామనుకుంటే బిల్లులు బరువనిపించవు. కానీ ఎంతో తెలియాలి. మేం లేని నెలలో కూడా పన్ను, బీమా, అసోసియేషన్ రుసుము, కనీస ఛార్జీలు కలిపి, ఉన్న నెల ఖర్చులో మూడొంతులకి పైనే అవుతుంది. ప్రయాణానికి వెళ్తే ఇంటి ఖర్చు మిగులుతుందని లెక్కేసుకుని బండి కొనేవాళ్లకి ఈ ముక్క ఎవరూ చెప్పరు. మిగిలేది కాస్త కరెంటు, కాస్త కూరగాయలు, అంతే. అవి కూడా పెట్రోలు తాగేస్తుంది.

శనివారం సర్దుడు. కందిపొడి, చింతకాయ పచ్చడి, సోనామసూరి. దోసెల పిండి బండిలో కుదుపులకి పొంగి ఫ్రిజ్‌లో వాన కురిపిస్తుంది కాబట్టి సగం డబ్బాకే. నీళ్ల వాల్వు కట్టి, గ్లాసు ఫ్రీజరులో పెట్టి, తాళంచెవీ కరివేపాకూ తమిళావిడకి అప్పగించాం.

ఆదివారం: లివింగ్‌స్టన్

పైన్ చెట్ల అడవుల మధ్య ఉన్న ఈ ఊరు ఆర్‌వీ జనానికి ఓ రాజధాని. 1978లో మొదలైన ఎస్కేపీస్ క్లబ్బు కేంద్రం ఇక్కడే. ఇల్లు లేకుండా బండిలోనే కాలం గడిపేవాళ్లు వేలమంది తమ చిరునామాగా ఇదే ఇచ్చుకుంటారు. డ్రైవింగ్ లైసెన్సు, ఓటు, బ్యాంకు ఉత్తరాలు అన్నీ ఈ ఊరి పేరుతోనే. వాళ్ల టపా ఇక్కడికొస్తుంది, ఎక్కడున్నామో చెబితే మూటగట్టి అక్కడికి పంపిస్తారు. నేను మంగళవారం రబ్బరు బ్యాండ్లు విప్పుతూ పడ్డ పాటు ఇక్కడ జీతానికి మనుషులు రోజూ చేస్తారన్నమాట.

పార్కు పక్కనే, ఇక డ్రైవింగు చెయ్యలేని పెద్దవాళ్ల కోసం కేర్ అనే కేంద్రం ఉంది. ఎవరి బండిలో వాళ్లు ఉంటారు. భోజనం, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లడం లాంటివి కేంద్రం వాళ్లు చూసుకుంటారు. సాయంత్రం నడకకి వెళ్లినప్పుడు ఒకావిడ బండి మెట్ల మీద కూర్చుని పలకరించింది. ఆ బండి చక్రాల పక్కన పూలకుండీలు పెట్టి ఉన్నాయి. ఇల్లమ్మేసి ఎన్నేళ్లయిందని అడిగాను. గుర్తులేదంది. "ఇప్పుడు బిల్లులేమున్నాయి మీకు?" అన్నాను, నా గోల నాది. "ఫోన్, చర్చ్" అంది.

దారంతా మావారు ఆ మాటే తలుచుకున్నారు. నేను మాత్రం, వానొచ్చిన రోజున ఆవిడ పిల్లలెవరైనా వస్తే ఎక్కడ పడుకుంటారా అని ఆలోచించాను.

సోమవారం: గూస్ ఐలండ్

హ్యూస్టన్ ట్రాఫిక్ దాటి సముద్రతీరానికి చేరేసరికి నాలుగయింది. పార్కులో వెయ్యేళ్లకి పైబడ్డ ఓక్ చెట్టుంది. దానికన్నా జనం వచ్చేది హూపింగ్ క్రేన్ల కోసం. కెనడాలో గుడ్లు పెట్టే ఈ తెల్ల కొంగలు చలికాలానికి ఆరాన్సస్ తీరానికొస్తాయి. 1940ల మొదట్లో అడవిలో పాతిక కూడా మిగల్లేదు, ఇప్పుడు ఈ గుంపులోనే అయిదు వందలు దాటాయి. పొలంలో జంట ఒకటి, వెనకాల గోధుమరంగు పిల్ల, రోడ్డు మీంచే కనిపించాయి.

పక్క సైటు దంపతులూ కెనడా నుంచే, మానిటోబా వాళ్లు. వాళ్ల చలికాలం ముందు మాది ఓ చలికాలమే కాదు. ఆయన చెప్పాడు, అక్కడ బీమా నిలవాలంటే చలికాలంలో ఖాళీ ఇంటిని ఎవరో ఒకరు క్రమం తప్పకుండా వెళ్లి చూడాలట, హీటింగు నడుస్తోందో లేదో. వాళ్ల చెల్లెలు వెళ్లిన ప్రతిసారీ థర్మామీటరు పక్కన నిలబడి ఫొటో తీసి పంపుతుంది. పైగా రాష్ట్ర ఆరోగ్య బీమా పోకుండా ఏడాదిలో ఎన్నాళ్లు బయటుండొచ్చో ఆ లెక్క కూడా చూసుకోవాలి. వాళ్లావిడ లోపల్నించి ఓ నోటుబుక్కు తెచ్చింది. అట్ట మీద ఇంటి నంబరు, లోపల తేదీలు, అంకెలు, ఎర్ర సిరాతో గీతలు. నేను నాది తెచ్చాను. టీ చల్లారిపోయేదాకా ఇద్దరం ఆ పేజీలు తిప్పుకుంటూ కూర్చుంటే, మగవాళ్లిద్దరూ కొంగల్ని చూడ్డానికి వెళ్లిపోయారు. ఇంటికి ఊరి వాళ్లు వేసే కనీస నీళ్ల ఛార్జీ వాళ్లకీ ఉందట, మాకన్నా ఎక్కువే.